రాజుగారి ఆఖరి కొడుకు

మా మామ్మ దగ్గర ఒక ఇత్తడి డబ్బా ఉంది. దాంట్లో నాలుగు పాత వెండి రూపాయలు. మా తాతయ్యగారి నాన్న అనకాపల్లి మార్కెట్లో బెల్లం అమ్ముకుని దాచినవాటిల్లో చివరికి మిగిలినవి అవే. మూడింటి మీద గడ్డం, మీసం ఉన్న రాజు కిరీటం పెట్టుకుని పక్కకు తిరిగి ఉంటాడు. నాలుగోదాని మీద ఉన్నాయనకు గడ్డం లేదు. గడ్డం ఆయన ఐదో జార్జి, గడ్డం లేనాయన ఆయన కొడుకు ఆరో జార్జి. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట మామ్మ నిద్రపోయాక ఆ డబ్బా తీసి వాటితో ఆడుకునేదాన్ని.

మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఈ ఐదో జార్జి రూపాయి 1911లో మొదటిసారి వచ్చినప్పుడు పెద్ద గొడవైంది. రాజుగారి మెడలో హారం మీద చెక్కిన ఏనుగుకు తొండం పొట్టిగా ఉండి అచ్చం పందిలా కనిపించిందట. జనం ఆ నాణేన్ని ముట్టుకోమన్నారు. ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకుని, తొండం బాగా కనబడేలా బొమ్మ మార్చి 1912లో మళ్లీ కొట్టించింది. మా డబ్బాలో ఉన్నవి తొండం సరిచేసినవే. నేను భూతద్దం పెట్టి చూశాను.

వాటిల్లో ఒకదాని మీద 1919 అని ఉంది. ఆ ఏడాది జనవరిలోనే ఆ గడ్డం రాజుగారి ఆఖరి కొడుకు చనిపోయాడు. వయసు పదమూడున్నర. పేరు జాన్. ఇంట్లో జానీ అని పిలిచేవారు. అలాంటి కొడుకు ఒకడున్నాడని చాలామందికి తెలీదు. నాకూ తెలీదు. కిందటేడు మూర్ఛ జబ్బు గురించి చదువుతుంటే ఆ పేరు తగిలింది. అది ఎందుకు చదువుతున్నానో తర్వాత చెప్తాను.

జాన్ 1905 జూలై 12న తెల్లవారుజామున పుట్టాడు. పుట్టింది లండన్‌లో రాజభవనంలో కాదు. నార్ఫోక్ అనే జిల్లాలో శాండ్రింగ్‌హామ్ అని రాజుగారి సొంత ఎస్టేటు ఉంది. దాంట్లో యార్క్ కాటేజ్ అనే ఇంట్లో పుట్టాడు. అప్పటికి తాత ఏడో ఎడ్వర్డ్ రాజు, తండ్రి జార్జి యువరాజు, తల్లి మేరీ. ఆరుగురు పిల్లల్లో వీడే ఆఖరు. పైన నలుగురు అన్నలు, ఒక అక్క. రాకుమారుణ్ణి పట్టుకుని వాడు వీడు అంటోందేంటి అనుకోకండి. పద్నాలుగు నిండని పిల్లాణ్ణి మన ఇళ్లల్లో ఇంకేమంటారు? వాళ్ల ఇంట్లో జాన్ అనే పేరు అచ్చిరాదని ఒక నమ్మకం ఉండేదట. 1871లో అలెగ్జాండర్ జాన్ అని పేరు పెట్టిన చిన్నాన్న ఒకడు పుట్టిన మర్నాడే పోయాడు. అయినా ఆ పేరే పెట్టారు.

మూడు నెలల పిల్లాణ్ణి ఆయాకు అప్పగించి తల్లిదండ్రులిద్దరూ ఓడెక్కారు. ఎక్కడికో తెలుసా? మన దేశానికే. 1905 నవంబరు 11న బొంబాయిలో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంకి శంకుస్థాపన చేసింది ఈ జార్జిగారే. అక్కణ్ణుంచి ఊళ్లన్నీ తిరిగారు, మద్రాసూ హైదరాబాదూ కూడా చూశారు. తిరిగి ఇల్లు చేరేసరికి 1906 వేసవి వచ్చేసింది. ఆ రోజుల్లో రాజుల ఇళ్లల్లో ఇది మామూలే, ఎవరూ తప్పుగా అనుకోలేదు. కానీ జాన్ జీవితంలో అమ్మ కన్నా ఎక్కువ కనిపించే మనిషి ఎవరో అప్పుడే తేలిపోయింది. ఆమె పేరు చార్లొట్ బిల్. పిల్లలందరూ లాలా అనేవారు. మనకు లాలి అంటే జోలపాట కాబట్టి నాకు ఆ పేరు వినగానే నచ్చింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి ఆమే.

నాలుగేళ్లప్పుడు, 1909లో, జాన్‌కు మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. డాక్టర్లు మూర్ఛరోగం అని తేల్చారు. ఆ మర్నాటి ఏడాదే తాత చనిపోయి తండ్రి రాజయ్యాడు.

ఐదో జార్జి నౌకాదళంలో పెరిగిన మనిషి. ఇంట్లో కూడా ఓడ మీద ఉన్నట్టే క్రమశిక్షణ. పిల్లలు ఆయన ముందు వణికిపోయేవారు. ఒక్క జాన్ తప్ప. తన పిల్లలందరూ చెప్పినమాట వింటారు, ఒక్క జాన్ మాత్రం వినడు అని ఆయన అమెరికా అధ్యక్షుడిగా చేసిన థియోడర్ రూజ్‌వెల్ట్‌తో అన్నాడని చెబుతారు. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. వాడు పెద్దా చిన్నా చూడకుండా నోటికొచ్చింది అనేసేవాడు, తోచిన అల్లరి చేసేవాడు. వాడికి మూర్ఛతోపాటు ఆటిజం కూడా ఉండొచ్చని ఇప్పుడు కొందరు ఊహిస్తున్నారు. ఆ పేరుకు ఇప్పుడున్న అర్థం అప్పటికి లేదు కాబట్టి నేను దాని జోలికి పోను.

1911 జూన్ 22న తండ్రి పట్టాభిషేకం. మిగతా పిల్లలంతా ముస్తాబై వెళ్లారు. ఇంకా ఆరేళ్లు నిండని జాన్‌ను తీసుకెళ్లలేదు. అందరి ముందూ ఫిట్స్ వస్తే ఎలా అన్న భయం. అదే ఏడాది నవంబరులో తల్లిదండ్రులు మళ్లీ ఓడెక్కారు, మళ్లీ మన దేశానికే. డిసెంబరు 12న ఢిల్లీ దర్బారు. మన పుస్తకాల్లో ఉండేది ఆ దర్బారే. రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మార్చారని రెండు మార్కుల ప్రశ్న. ఆ సింహాసనం మీద కూర్చున్న ఇద్దరికీ ఇంటి దగ్గర ఫిట్స్‌తో ఒక పిల్లాడున్నాడని ఏ పుస్తకమూ చెప్పలేదు. 1913 తర్వాత జాన్‌ను కూర్చోబెట్టి అధికారిక చిత్రాలు తీయించడం కూడా మానేశారు. దాచడం అంటే ఒకరోజు తలుపు గడియ పెట్టడం కాదని నాకు ఇక్కడ అర్థమైంది. ముందు వేడుకకు తీసుకెళ్లరు, తర్వాత ఫొటో తీయరు, ఆ తర్వాత ఎవరూ అడగరు.

1914లో యుద్ధం వచ్చింది. ఇంగ్లండు రాజుగారి ఇంటిపేరు జర్మను పేరు. జనానికి జర్మనీ అంటే మంట. 1917 జూలైలో ఆయన ఇంటిపేరు మార్చేసుకుని విండ్సర్ అయ్యాడు. అదే ఏడాది రష్యాలో జార్ నికొలస్ గద్దె దిగాడు. ఈ ఇద్దరూ అక్కచెల్లెళ్ల పిల్లలు, పక్కపక్కన నిలబడితే కవలల్లా ఉంటారు. అయినా నికొలస్ కుటుంబాన్ని ఇంగ్లండు రానిస్తే తన సింహాసనానికే ముప్పని జార్జి వెనకాడాడు. ఆ నికొలస్ కొడుకు అలెక్సీకి దెబ్బ తగిలితే రక్తం ఆగని జబ్బు. వాళ్లూ దాన్ని దేశానికి తెలియకుండా దాచారు. అలెక్సీ జాన్ కన్నా పదకొండు నెలలు పెద్ద. 1918 జూలైలో ఆ పిల్లాణ్ణి ఇంటిల్లిపాదితో కలిపి కాల్చి చంపేశారు. ఒక వంశంలో ఒక ఈడు పిల్లలిద్దరు, ఇద్దరి జబ్బూ రహస్యమే. రాజు కొడుకు అంటే రాజ్యం ఆరోగ్యానికి గుర్తు అని జనం అనుకునే కాలం కదా. పిల్లాడికి జబ్బంటే వంశంలోనే ఏదో లోపం ఉందనుకుంటారని పెద్దవాళ్ల భయం.

1916 నాటికి జాన్‌కు ఫిట్స్ ఎక్కువయ్యాయి, తరచుగా వస్తున్నాయి. అప్పుడు వాణ్ణి శాండ్రింగ్‌హామ్ ఎస్టేటులోనే వోల్ఫర్టన్ దగ్గర వుడ్ ఫామ్ అనే ఇంటికి మార్చారు. రాజుగారి భవనానికి రెండు మైళ్లకు అటూ ఇటుగా ఉంటుంది. మన అనకాపల్లి స్టేషన్ నుంచి బొజ్జన్నకొండ ఎంత దూరమో దాదాపు అంతే అనుకోండి. అక్కడ లాలా, కొందరు పనివాళ్లు, జాన్. అంతే.

ఇక్కడ రెండు రకాల కథలు ప్రచారంలో ఉన్నాయి. కన్నకొడుకును రాక్షసుల్లా పొలంలో పారేశారని ఒకటి. అబ్బే, వాడి మంచికే ప్రశాంతమైన చోట ఉంచారని ఇంకొకటి. నేను చదివినంతలో రెండూ సగం సగమే. వుడ్ ఫామ్ చెర కాదు. ఆరుబయట గాలి, తోట, సైకిలు, గుర్రాలు ఉన్నాయి. వాడి నాన్నమ్మ, అంటే పెద్దరాణి అలెగ్జాండ్రా, శాండ్రింగ్‌హామ్ భవనంలో వాడి కోసం ప్రత్యేకంగా ఒక తోట వేయించింది. చూడ్డానికి వచ్చేది కూడా. అన్నలు చదువులకూ సైన్యానికీ వెళ్లిపోవడంతో వాడితో ఆడేవాళ్లు లేరని గమనించి, రాణి మేరీ చుట్టుపక్కల పిల్లల్ని పిలిపించి స్నేహం కలిపింది. రాజుల ఇంట్లో ఇది మామూలు విషయం కాదు. పెద్ద పెద్ద ప్రభువుల పిల్లలతో తప్ప ఆడనివ్వని కుటుంబం అది.

ఆ పిల్లల్లో వినిఫ్రెడ్ అనే అమ్మాయి ఉంది. హాలిఫాక్స్ అనే ఊరి పిల్ల, ఉబ్బసం. గాలి మార్పు కోసం శాండ్రింగ్‌హామ్‌లో గుర్రపుశాలలు చూసుకునే బంధువుల ఇంటికి పంపించారు. జాన్‌కు ఫిట్స్, ఆ పిల్లకు ఆయాసం. ఒకరి జబ్బు ఇంకొకరికి వింతగా అనిపించి ఉండదు. ఇద్దరూ కలిసి లాలా వెంట చెట్లూ పుట్టలూ తిరిగేవారు, తోటలో పనిచేసేవారు. ఆ పిల్లకు ఒంట్లో బాగోకపోతే జాన్ వెళ్లి మంచం పక్కన కూర్చునేవాడు, లాలా ఇద్దరికీ కథలు చదివేది. వాడిని ఎవరూ ప్రేమించలేదని రాసేవాళ్లు ఈ సంగతి ఎందుకు వదిలేస్తారో నాకు తెలీదు.

అలాగని రెండో కథ కూడా నేను నమ్మను. ప్రశాంతంగా ఉండాలంటే ఇల్లు చాలు, రహస్యం అక్కర్లేదు. రాజుకు మూర్ఛ ఉన్న కొడుకున్నాడని ఆ రోజుల్లో చెప్పి ఉంటే, అదే జబ్బుతో ఆ దేశంలో ఇళ్లల్లో, ఆసుపత్రుల్లో పడి ఉన్న వేలమంది తల్లిదండ్రులకు ఎంత ధైర్యం వచ్చేదో. ఇంగ్లండులో 1913లో మానసిక లోపం ఉన్నవాళ్లను విడిగా సంస్థల్లో ఉంచే చట్టం ఒకటి చేశారు. మూర్ఛ ఉన్నవాళ్లను కూడా జనం ఆ వరసలోనే చూసే కాలం. అలాంటప్పుడు రాజుగారు నోరు తెరిస్తే కాస్త తేడా వచ్చేదని నా నమ్మకం.

మందుల సంగతి కూడా చెప్పాలి. ఈ జబ్బుకు మొదటిసారి పనిచేసిన మందు బ్రోమైడు. 1857లో ఆ మాట బయటపెట్టిన చార్లెస్ లోకాక్ ఎవరో కాదు, జాన్ ముత్తవ్వ విక్టోరియా రాణికి పురుళ్లు పోసిన డాక్టరు. బ్రోమైడుతో ఫిట్స్ తగ్గుతాయి గానీ మనిషి మత్తుగా పడి ఉంటాడు. 1912లో జర్మనీలో లూమినాల్ వచ్చింది. ఇప్పటికీ మన మందుల షాపుల్లో గార్డినాల్ అని దొరికేది అదే మందు. తల మీద తీగలు పెట్టి మెదడులోని విద్యుత్తును గీతలుగా గీసే ఈఈజీని హాన్స్ బెర్గర్ మనిషి మీద మొదట తీసింది 1924లో. ఫెనిటోయిన్ 1938లో. జాన్ అప్పటికి లేడు.

ఈఈజీ గురించి నాకు పుస్తకంలో చదివే కాదు, తల మీద జిగురు పెట్టించుకున్నందువల్ల కూడా తెలుసు. నాకు ఇంటర్ మొదటి ఏడాదిలో ఫిట్స్ వచ్చాయి. విశాఖపట్నం తీసుకెళ్లారు. ఇప్పుడు రోజుకు రెండు మాత్రలు. చివరిసారి వచ్చి రెండేళ్లు దాటింది. ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి, కాలేజీలో ఎవరికీ చెప్పొద్దమ్మా అని మా మామ్మ ఒట్టు వేయించుకుంది. మాత్రల్ని విటమిన్ సీసాలో పోసుకుని హాస్టల్‌కు తెచ్చుకున్నాను. మామ్మను తప్పు పట్టను. మన హిందూ వివాహ చట్టంలో మాటిమాటికీ మూర్ఛ వచ్చేవాళ్ల పెళ్లి రద్దు చేయొచ్చు అనే మాట 1999 దాకా ఉంది. ఆ ఏడాది సవరణ చేసి తీసేశారు. ఆమె ఆ చట్టం ఉన్న రోజుల మనిషి. ఈ వ్యాసం రాసే ముందు ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ గడ్డం రాజుగారి గుంటడికి కూడానా అని అడిగింది. మా బ్యాచ్‌వాళ్లు ఇది చదువుతారు కాబట్టి ఒక్క మాట: ఎప్పుడైనా నేను పడిపోతే తాళాలు చేతిలో పెట్టకండి, ఉల్లిపాయ వాసన చూపించకండి, నోట్లో ఏమీ పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి టైమ్ చూడండి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రి.

సరే, మళ్లీ జాన్ దగ్గరకు వద్దాం.

1918 నవంబరులో యుద్ధం ముగిసింది. ఆ క్రిస్మస్ పండగ రోజు వాణ్ణి శాండ్రింగ్‌హామ్ భవనానికి తీసుకొచ్చారు. రోజంతా కుటుంబంతో గడిపాడు. రాత్రికి మళ్లీ కారులో వుడ్ ఫామ్‌కు పంపేశారు. పండగ రాత్రి కూడా అక్కడ పడుకోనివ్వలేదు. ఎందుకో గానీ వాడి జీవితంలో పట్టాభిషేకం కన్నా ఈ కారు ప్రయాణమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

1919 జనవరి 18 సాయంత్రం గట్టిగా ఫిట్స్ వచ్చి, తర్వాత నిద్రలోనే పోయాడు. లాలా రాణికి ఫోన్ చేసింది. రాజూ రాణీ కారులో వచ్చారు. లాలా గుండె పగిలి ఏడుస్తోందని, పిల్లాడు మాత్రం ప్రశాంతంగా పడుకున్నట్టు ఉన్నాడని రాణి ఆ రోజు డైరీలో రాసుకుంది. వాడికి ఆ బాధ నుంచి విముక్తి దొరికిందని కూడా రాసింది. మూడు రోజుల తర్వాత, 21న, వాడికి నామకరణం జరిగిన శాండ్రింగ్‌హామ్ చర్చి ఆవరణలోనే పాతిపెట్టారు. ఒక్కరోజు బతికిన చిన్నాన్న సమాధి ఉన్నదీ అక్కడే. రాజుగారి కొడుక్కి మూర్ఛ ఉండేదని బయటి జనానికి తెలిసింది ఆ తర్వాతే.

పెద్దన్న ఎడ్వర్డ్‌కు అప్పుడు 24 ఏళ్లు. వాడు మనిషి కన్నా జంతువుకే దగ్గర అన్నట్టుగా తన ప్రియురాలికి ఉత్తరం రాశాడు. తల్లికి కూడా మనసు నొప్పించే ఉత్తరమేదో రాసి, తర్వాత సిగ్గుపడి క్షమించమని ఇంకోటి రాశాడు. ఈ ఎడ్వర్డే 1936లో రాజై ఏడాది తిరక్కుండా గద్దె వదిలేసింది. అప్పుడు రెండో అన్న ఆల్బర్ట్ ఆరో జార్జి అయ్యాడు, మా మామ్మ డబ్బాలో గడ్డం లేనాయన. ఆయనకు నత్తి. 1925లో వెంబ్లీలో వేలమంది ముందు మాట తడబడి అవమానపడ్డాడు. లయనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియా ఆయన దగ్గర ఏళ్ల తరబడి సాధన చేశాడు. దాని మీద వచ్చిన ఇంగ్లీషు సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. నత్తి దాచడానికి వీల్లేని జబ్బు, రేడియోలో దేశమంతా వింటుంది. కాబట్టి ఆయన అందరి ముందే తడబడుతూ నేర్చుకున్నాడు. జాన్ మీద కూడా 2003లో బీబీసీ ఒక నాటకం తీసింది. వాడు చనిపోయిన 84 ఏళ్లకు.

తండ్రి పేరు మాత్రం మనకు రోజూ వినబడుతుంది. 1923లో తెరిచిన విశాఖ కేజీహెచ్‌కు ఆయన పేరే. మన అనకాపల్లి నుంచి, పాడేరు నుంచి, శ్రీకాకుళం నుంచి ఫిట్స్ వచ్చిన పిల్లల్ని ఎత్తుకుని తల్లిదండ్రులు పొద్దున్నే బస్సెక్కి ఆ పేరున్న గేటు దగ్గరే దిగుతారు. ఓపీలో అందరి ముందే పేరు పిలుస్తారు, అందరి ముందే లేచి వెళ్తారు.

జాన్ పోయాక రాణి మేరీ వాడి పుస్తకాల్లో కొన్నిటిని వాడి గుర్తుగా అని తన చేత్తో రాసి వినిఫ్రెడ్‌కు ఇచ్చింది. లాలా దగ్గర మాత్రం వాడి పెద్ద ఫొటో ఒకటి ఉండిపోయింది. బతికినంత కాలం దాన్ని ఇంట్లో చలిమంట గూడు పైన పెట్టుకుంది. పక్కనే వాడు రాసిన చిన్న చీటీ. లాలా అంటే తనకు చాలా ఇష్టమని అందులో రాశాడు.